రెండు వరసల కుట్టు

మొన్న మనవరాలు తన హాకీ జెర్సీ తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "అమ్మమ్మా, నా నేమ్ చూడు, కూల్ కదా?" అంది. పదకొండేళ్ళ పిల్ల, మంచు మీద కర్ర పట్టుకుని దూసుకుపోతుంది. వీపు మీది పేరును వేలితో తడిమాను. కుట్టు లేదు, వేడి మిషనుతో అతికించారట. గోటితో అంచు లేపబోతే "డోంట్, అమ్మమ్మా, పాడవుతుంది" అని లాక్కుంది. జెర్సీ మీద పేరు కనిపిస్తే ఎక్కడ విప్పాలా అని వెతకడం నా చేతులకు పాత అలవాటు.

డెబ్బైల చివర మేము అమెరికాలో, జెర్సీ సిటీ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. మావారు ఇంజనీరు. మేనమామ కొడుకు కాబట్టి బడి ముఖం చూడని నన్ను చేసుకున్నారు. ఆ సంగతి ఆయనా ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఇంట్లో తోచక మా వీధి చివర డ్రైక్లీనింగ్ షాపులో కుట్టుపనికి కుదిరాను. అక్కడికి ఒక చిన్న హాకీ జట్టు జెర్సీలు వచ్చేవి. షాపు నడిపే ఇటలీ ఆవిడ గుడ్డ అక్షరాలను వరసగా పేర్చి గుండుసూదులు గుచ్చి ఇస్తే, నేను ముగ్గు గీత వెంట పోయినట్టు చుట్టూ కుట్టేదాన్ని. జట్టు సామాను చూసే పెద్దాయన ఒక్క వరసే కుట్టమనేవాడు. ఎవరు ఎన్నాళ్ళుంటారో తెలియదు, తీసేసినవాడి పేరు విప్పి అదే జెర్సీ మీద ఇంకొకడి పేరు వేయాలి కదా.

ఆ జట్టులో ఒక రష్యా అతను ఉండేవాడు. తన దేశంలో పెద్ద జట్టుకు ముందు వరసలో ఆడి, గోల్స్ కొట్టి పేరు తెచ్చుకున్నవాడట. అమ్మను అక్కడే వదిలి, దొంగచాటుగా ఇక్కడికి పారిపోయి వచ్చేసరికి ముప్పై మూడేళ్ళు, ఒక మోకాలు పాడు. ప్రాక్టీసు అయ్యాక షాపులో స్టూలు మీద కూర్చునేవాడు. అతని ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ కలిపినా ఒక మనిషికి చాలదు గానీ మా ఇద్దరికీ సరిపోయేది. నా లంచ్ డబ్బాలోని ఆవకాయను నల్ల రొట్టె మీద జామ్‌లా పూసుకుని తిని, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ చెయ్యి చాపేవాడు. తన జెర్సీ కనిపిస్తే చాలు, "సిస్టర్, రెండు వరసలు కుట్టు" అనేవాడు. వాళ్ళ పాత జట్టులో చాలాకాలం ఉండేవాళ్ళకు అలాగే కుట్టేవారట. మీ పెద్దాయన్ని అడగమని నవ్వేదాన్ని.

మూడో సీజన్ ముందు, జట్టులో ఉంచుతారో లేదో అతనికి తెలియలేదు. అప్పుడే పక్క రాష్ట్రంలో పిల్లలకు స్కేటింగ్ నేర్పే ఉద్యోగం వచ్చింది. శుక్రవారం సాయంత్రంలోగా జవాబు చెప్పాలి. అతనికేమో ఇంకొక్క సీజన్ ఆడాలని. ఆ శుక్రవారం ఇటలీ ఆవిడ కూతురి పురుడికి వెళ్ళింది. నేను లోపల ఇస్త్రీ చేస్తుండగా పెద్దాయన వచ్చి, ఒక జెర్సీకి చీటీ గుచ్చి బుట్టలో వేసి వెళ్ళాడు. నేను కుట్టిన అక్షరాల వంపులు చూడగానే అది రష్యా అతనిదని పోల్చుకున్నాను. పేరు ఒక మూల ఊడి ఉంది. పక్క షాపులో ఎవరినైనా అడిగితే చీటీ చదివి పెట్టేవారే. సిగ్గేసింది. ఊడిందనే పంపాడనుకున్నాను. చీటీ తీసి సొరుగులో పడేసి, అతని ముచ్చట తీరుద్దామని రెండు వరసలూ కుట్టేశాను.

మధ్యాహ్నం అతను వచ్చి ఆ కుట్టు చూశాడు.

"పెద్దాయన చెప్పాడా?" అన్నాడు.

"చీటీ పంపాడు" అన్నాను.

ఒక్కో అక్షరాన్నీ తడిమాడు. నా చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టాడు. మా షాపు ఫోనులోనే ఆ ఉద్యోగం వద్దని చెప్పేశాడు.

సోమవారం ఇటలీ ఆవిడ చీటీ చదివింది. పేరు విప్పి పంపమని ఉంది. ఆ సరికే అతను ప్రాక్టీసుకు వెళ్ళి, అందరి ముందూ సంగతి విని వచ్చాడు. స్కేటింగ్ ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చేశారట. నాకు చదవడం రాదని ఆ దేశంలో మొదటిసారి నోరు విప్పి చెప్పింది అతనికే.

"నాకూ రాదులే, సిస్టర్" అన్నాడు. "నాకు కావలసింది నేను చదువుకున్నాను."

స్టూలు దగ్గరికి లాక్కుని తానూ కత్తెర తీసుకున్నాడు. రెండు వరసలు కదా, చాలాసేపు పట్టింది. ఊడి వచ్చిన ఒక్కో అక్షరాన్నీ బల్ల మీద పెట్టి, దాని పేరు చెప్పి నా చేత అనిపించాడు. నాకు వచ్చిన మొదటి అక్షరాలు అవే. మిగతావి లైబ్రరీ క్లాసులో నేర్చుకున్నాను. తెలుగు అక్షరాలు నాకు యాభై ఏళ్ళు దాటాక.

అతను చికాగో వెళ్ళి టాక్సీ నడిపాడు. రెండేళ్ళకు ఒక కార్డు వచ్చింది. పొద్దుటి నుంచి కూడబలుక్కుని నేనే చదివాను. మోకాలు నొప్పిగా ఉందని, ఆవకాయ గుర్తొస్తోందని రాశాడు. నా జవాబు అడ్రసు మారిందని తిరిగొచ్చింది. ఎనభైల చివర అతని దేశమే తన ఆటగాళ్ళను ఇక్కడికి పంపడం మొదలుపెట్టింది. టీవీలో వాళ్ళ వీపుల మీది పేర్లు గబగబా చదివేసేదాన్ని. అప్పటికి అతనికి నలభై దాటి ఉంటాయని తెలుసు. అయినా వెతికేదాన్ని.

వెళ్తూ వెళ్తూ తన పేరులోని మొదటి అక్షరం నాకు ఇచ్చాడు. గుండీల డబ్బాలో ఉంది. ఇన్నేళ్ళ కాలం దాని ఎరుపంతా తీసుకుపోయింది గానీ, నేను పొడిచిన ఆ రెండు వరసల సూది రంధ్రాల్లో ఒక్కదాన్నీ పూడ్చలేకపోయింది.