పోయిన ముప్పై నాలుగు పోట్లు

పోయినవి మొత్తం ముప్పై నాలుగు పోట్లు. మొదటిసారి పన్నెండు, రెండోసారి తొమ్మిది, మూడోసారి పదమూడు. ఇవి కాక ఒక ముసలామె పెన్షన్ అర్జీ సగం, ఒక మేస్త్రీ గారి కొలతల కాగితం, చల్లారిపోయిన టీలు నాలుగు. టీలను లెక్కలో కలపను, కానీ రాసి పెట్టుకున్నాను.

పోటంటే సముద్రం నీళ్లు పైకొచ్చే వేళ. మైపాడుకు దక్షిణాన ఉంది మా పాళెం. పడవలు నిలిపేది ఊరి వెనక కాలువలో. ఆ కాలువ సముద్రంలో కలిసే చోటును మేము మొగ అంటాం. మొగలో ఇసుక మేట వేసింది. పోటు బాగా వస్తే పడవ మేట మీదుగా జారిపోతుంది. చాలకపోతే ఇసుకలో కూర్చుంటుంది, అల వచ్చి పక్క నుంచి కొడుతుంది. మా అన్న పడవ ఒకే ఏడాదిలో రెండుసార్లు అట్లా కూర్చుంది. రెండోసారి ఇంజను తడిసింది, అన్న భుజం పట్టేసింది.

"ఇంకొక్కసారి కూర్చుంటే అమ్మేస్తానమ్మే. రొయ్యల గుంటల కాడ కాపలాకి పోతా" అన్నాడు.

మా అన్న మామూలుగా గొంతు పెద్దది చేసే మాట్లాడతాడు. ఆ మాట మెల్లగా అన్నాడు. నాకు భయం వేసింది అందుకే.

మా పెద్దకాపు, అంటే పాళెంలో అందరి తగువులూ తీర్చే పెద్దాయన, తిథిని బట్టి పోటు చెబుతాడు. రోజుకు రెండు ఘడియలు పోటు వెనక్కి జరుగుతుందంటాడు. ఘడియకు ఇరవై నాలుగు నిమిషాలు, రెండు ఘడియలంటే నలభై ఎనిమిది. నేను గడియారం పెట్టి చూశాను, ఆయన వేళ దాదాపు తప్పలేదు. కానీ నీళ్లు ఎంత ఎత్తు వస్తాయో ఆయన దగ్గర అంకె లేదు. అమావాస్యకూ పౌర్ణమికీ బాగా వస్తాయంటాడు, అష్టమికి రావంటాడు, అంతే. అన్న పడవ కూర్చున్న రెండు రోజుల్లో ఒకటి పౌర్ణమి మర్నాడు.

అందుకని నేనే కొలుద్దామనుకున్నాను. నేను చదివింది ఎనిమిది. లెక్కలు నేర్చింది బడిలో కాదు, చేపల వేలం షెడ్డులో చిట్టా రాసే ముసలాయన పక్కన కూర్చుని. పోయినేడు వేట తెరిచిన వారానికి, తదియ రోజున, కాలువలో ఒక సరుగుడు కర్ర పాతాను. అంగుళం ఎరుపు, అంగుళం తెలుపు, పక్కన అంకెలు. అన్నను పడవతో మేట మీదికి పంపి చూస్తే, కర్ర మీద ఇరవై ఒక్క అంగుళాలు ఉంటే పడవ అడుగు ఇసుకను తాకడం లేదు. ఇరవై ఒకటి. ఆ అంకె దొరికిన రోజు నాకు అన్నం సయించలేదు. ఏడాది పొడుగునా రోజుకొక పగటి పోటు కొలిస్తే, వచ్చే ఏడు అదే మాసం, అదే తిథికి ఇరవై ఒకటి దాటుతుందో లేదో ముందే చెప్పొచ్చు.

"మా చెల్లెలు సముద్రానికి అటెండెన్సు వేస్తా వుంది" అని అన్న ఊరంతా చెప్పుకున్నాడు.

నాకు రోడ్డు మీద చిన్న జిరాక్సు, ఆన్‌లైన్ అర్జీల అంగడి ఉంది. పాత కంప్యూటర్ ఒకటి. కర్ర దగ్గర అంకెను అరచేతిలో పెన్నుతో రాసుకుని, వచ్చి పట్టికలో కొట్టి, చెయ్యి కడుక్కునేదాన్ని. సేవ్ మాత్రం పక్షం ముగిసిన రోజునే చేసేదాన్ని.

దీనికి నవ్వినవాళ్లు చాలామంది. కానీ చిట్టా ముసలాయన దగ్గర నేను నేర్చింది అది. పక్షం ముగిసేదాకా సుద్దముక్కతో పలక మీద రాయాలి. ముగిశాక కూడిక సరిచూసి ఇంకుతో పుస్తకంలోకి ఎక్కించాలి. ఇంకు పడితే ఇక మార్చకూడదు. నాకు సేవ్ అంటే ఇంకు. సగం పక్షానికి ఇంకు పెట్టడం నా వల్ల కాలేదు. కంప్యూటర్ తనంతట తాను నకలు దాచుకునే ఏర్పాటు ఒకటి ఉంటుందట. నేను కొన్న దానిలో ఎవరో దాన్ని ఆపేసి ఉన్నారు. నాకది తెలియదు.

మొదటి పన్నెండు పోట్లు పౌర్ణమికి ఒక్కరోజు ముందు పోయాయి. కర్ర దగ్గర నుంచి వచ్చేసరికి తెర శుభ్రంగా ఉంది, పట్టిక లేదు. కరెంటు పోయి వచ్చిందనుకుని బ్యాటరీ పెట్టించాను. తర్వాత వానల్లో తొమ్మిది పోయాయి. ఆ రోజు కరెంటు పోలేదు. నేను తిరిగి వచ్చేసరికి నీలం తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి, కింద నూటికి ఇరవై ఏడు అని ఉంది. ఇరవై ఏడు దగ్గర పదకొండు నిమిషాలు ఆగింది. ఎదురుగా కూర్చుని చూశాను.

నెల్లూరులో కంప్యూటర్లు బాగుచేసే అతనికి ఫోను చేశాను.

"అది అప్‌డేట్ అక్కా. దానంతటదే తెచ్చుకుంటది, దానంతటదే పడుకుని లేస్తది."

"నన్నొక మాట అడగబళ్లేదా?"

"అడిగుంటది. నువ్వు కర్ర కాడుంటివి."

పని వేళలు అని ఒక గడి ఉంటుందనీ, ఏ గంట నుంచి ఏ గంట దాకా పని చేస్తామో అందులో పెడితే ఆ మధ్యలో మన జోలికి రాదనీ చెప్పాడు. నా పని వేళ పోటుతో పాటు రోజుకు నలభై ఎనిమిది నిమిషాలు జరుగుతుంది, దాన్ని ఏ గడిలో పెట్టాలని అడిగాను. "రోజూ మార్చుకో అక్కా" అని పెట్టేశాడు, ఊరికే అన్నాడు.

నేను నిజంగానే మార్చాను. ఆ గడి నిండు గంటలే తీసుకుంటుంది, నిమిషాలు తీసుకోదు. అరవైలో నలభై ఎనిమిది పోతే పన్నెండు మిగులు. అయిదు రోజులకు ఆ మిగులు అరవై, అంటే సరిగ్గా గంట. కాబట్టి నాలుగు రోజులు గంట చొప్పున జరిపి అయిదో రోజు ఆగితే సరి. ఇది తట్టినప్పుడు నేను నిలబడే ఉన్నాను, జిరాక్సుకు వచ్చినామె కాగితం చేత్తో పట్టుకుని. ఆమె కాగితం వెనకే లెక్క వేసి చూసుకున్నాను, తర్వాత ఆమెకు కొత్త కాగితం ఇచ్చాను. కంప్యూటర్‌కు తిథి నేర్పానని మూడు రోజులు కాళ్లు నేల మీద నిలవలేదు. నాలుగు నెలలు అది నా చెప్పుచేతల్లో ఉంది.

ఎండలు మొదలయ్యే నెలలో పదమూడు పోట్లు ఒక్కసారిగా పోయాయి. ఇక వాయిదా లేదు అని తెర మీద చూపించిందట, నేనెప్పటిలాగే కర్ర దగ్గర ఉన్నాను.

"ఎన్నాళ్లని ఆపుతావక్కా, గడువుంటది దానికి" అన్నాడు బాగుచేసే అతను. "అయినా సేవ్ చేసుంటే ఒక్కటి కూడా పోయేది కాదు గదా?"

ఇంకు సంగతి చెప్పాను. అతను నవ్వలేదు.

"సేవ్ ఇంకు కాదక్కా. అది కూడా సుద్దముక్కే. చెరిపి మళ్లీ రాసుకోవచ్చు, ఎన్నిసార్లయినా."

తొమ్మిది నెలలుగా నా చేతిలో ఉన్నది సుద్దముక్కే. దాన్ని ఇంకని దూరంగా పెట్టుకున్నాను.

ఇంతలో వేట నిషేధం నెలలు వచ్చాయి. పడవలన్నీ గట్టెక్కాయి. ఈ ఏడు వేట తెరిచే రోజు అష్టమి పడింది. పోయినేడు ఇదే అష్టమి, కర్ర పాతిన ఆరో రోజు. నేను కొలిచాను, అరచేతిలో రాశాను, పట్టికలో కొట్టాను, పోగొట్టుకున్నాను. అన్న వేట తెరిచిన రోజునే పోవాలని ఉన్నాడు. పోతే మేట మీద నీళ్లుంటాయో లేదో చెప్పాల్సిన ఆ గడి నా పట్టికలో ఖాళీ.

"పోనీలే అమ్మే" అన్నాడు అన్న. మాట మార్చడానికి ఫోను తీసి, తను పట్టిన పెద్ద పండుగప్ప ఫొటో చూపించాడు. చేపను రెండు చేతులా ఎత్తి పట్టుకుని ఉన్నాడు. నేను చేపను చూడలేదు. అన్న భుజం వెనక నా కర్ర ఉంది.

నీళ్లు అప్పటికే కొంచెం దిగాయి. కానీ అవి ఎక్కిన మేర కర్ర తడిగా, ముదురుగా ఉంది. ఆ తడి ఆరడానికి గంట పడుతుంది. ఫొటో మీద తేదీ ఉంది, వేళ ఉంది. పెద్దది చేసి చూస్తే తడి గీత ఇరవై ఆరు దగ్గర ఉంది. పోయిన తొమ్మిదిలో ఒకటి.

"అన్నా, ఫోనియ్యి."

"చేప ఎంతుందో చెప్పకుండానే?"

మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగాను. ఎర్రగా తెల్లగా ఉండబట్టి ఆ కర్ర పక్కన నిలబడి ఫొటో దిగనివాళ్లు మా పాళెంలో లేరు. కొత్త చీరతో దిగారు, మేకపిల్లతో దిగారు, అలిగి వెనక్కి తిరిగి దిగారు. నూట పద్దెనిమిది ఫొటోలు చూశాను. పోటు తిరిగిన గంటలోపు తీసినవీ, అంకెలు కనిపించేవీ తప్ప మిగతావి వద్దనుకున్నాను. ఒకామెకు కోపం వచ్చింది, "నేను బాగానే పడినా గదా అందులో" అని. ఇరవై రెండు పోట్లు దొరికాయి. ఒక్కో అంకె కొట్టగానే సేవ్ నొక్కాను. ఇరవై రెండుసార్లు నొక్కాను, ప్రతిసారీ కొత్తగానే ఉంది.

అష్టమి దొరకలేదు.

పెళ్లికి ముందు జంటలను తెచ్చి మా తీరాన ఫొటోలు తీసే భాయ్ ఒకాయన గూడూరులో ఉన్నాడు. నా అంగట్లో బ్యాటరీలు ఛార్జింగు పెట్టుకుంటాడు. పోయినేడు ఆ వారంలో వచ్చినట్టు గుర్తొచ్చి, బస్సెక్కి ఆయన స్టూడియోకే వెళ్లాను. తేదీ చెప్పాను. ఆయన వెతికి, వరసగా మూడువందల ఫొటోలు తెరిచాడు.

"నీకు పెళ్లికూతురు కావాలా, పెళ్లికొడుకు కావాలా అక్కా?"

"కర్ర."

"ఏ కర్ర?"

పెళ్లికూతురు పైట గాలికి ఎగిరి కర్రను సగం కప్పేసింది. ఒకదాంట్లో కాదు, వరసగా పద్నాలుగింటిలో. పదిహేనోదాంట్లో పైట దిగింది. వేళ మూడు గంటల అయిదు నిమిషాలు. నీళ్లు ఇరవై దగ్గర, తడి గీత ఇరవై మూడు దగ్గర. భాయ్ నా ముఖం చూసి, "మా జంట కూడా ఇంత సంతోషంగా లేదక్కా ఆ రోజు" అన్నాడు. వాళ్ల ముఖాలు తీసేసి, కర్ర వరకే కత్తిరించి ఇమ్మన్నాను.

వేట తెరిచే ముందు రోజు వేలం షెడ్డులో అందరూ కూడారు. పట్టిక గోడకు అంటించాను. పెద్దకాపు కళ్లద్దాలు పెట్టుకుని గడిగడీ చూశాడు.

"రేపు అష్టమి. పడవలు కదపబాకండి" అన్నాడు.

"రేపు మధ్యాహ్నం రెండూ పది ప్రాంతంలో ఇరవై మూడు వస్తుంది మామా."

"ఎవురు చెప్పినారు?"

"గూడూరు పెళ్లికూతురు" అన్నాడు మా అన్న. షెడ్డంతా నవ్వింది. పెద్దకాపు నవ్వలేదు. ఖాళీ గళ్ల మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"ఈ పదకొండు ఏంది?"

"అవి దొరకలేదు."

"అటూ ఇటూ చూసి ఒక అంకె వెయ్యరాదా? నీకు తెలియకుండా వుంటదా?"

"అంచనా తెలుసు మామా. కానీ కొలిచిన గళ్లలో అంచనా వెయ్యను."

ఆయన కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "అయితే ఈ పదకొండు రోజులూ నావి. ఆ రోజుల్లో నా మాటే వినాల. మిగతాది రేపు చూద్దాం."

మర్నాడు పన్నెండింటికే కర్ర దగ్గర ఉన్నాను. పెద్దకాపు గొడుగు వేసుకుని వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. ఒంటిగంటకు పంతొమ్మిది. ఒకటీ ఇరవైకి ఇరవై. ఒకటిన్నర దాటాక ఇరవై ఒకటి. అన్న ఇంజను తిప్పాడు. నేను చెయ్యి ఎత్తి ఆగమన్నాను. ఒకటీ యాభైకి ఇరవై రెండు. రెండూ ఎనిమిదికి ఎర్ర గీత మునిగింది, ఇరవై మూడు. చెయ్యి దించాను.

పడవ మేట దాటడానికి నలభై లెక్కపెట్టేంత సేపు పడుతుంది. పైకే లెక్కపెట్టాను. ముప్పై ఒకటి దగ్గర ముందుభాగం లేచింది, నా నోట ముప్పై రెండు రాలేదు. పెద్దకాపు అందుకుని ముప్పై రెండు, ముప్పై మూడు అన్నాడు. ముప్పై ఎనిమిదికే పడవ అవతల లోతు నీళ్లలో ఉంది. అన్న వెనక్కి తిరిగి తువ్వాలు తిప్పాడు. దాని వెనకే ఇంకో నాలుగు పడవలు వెళ్లాయి, ఒక్కటీ తాకలేదు.

అన్న పడవ అమ్మలేదు. కంప్యూటర్ ఇప్పటికీ తనకు బుద్ధి పుట్టినప్పుడు పడుకుని లేస్తుంది. నేను టీ వేడిగా తాగుతాను.

ఖాళీ గళ్లు ఉన్న రోజుల్లో పడవలు పెద్దకాపు మాట ప్రకారమే పోతాయి. కానీ ఆయన రోజులు తగ్గుతున్నాయి. సూళ్లూరుపేటలో ఉండే మా చుట్టాల ఫోన్లలో రెండు పోట్లు దొరికాయి. మరొకటి భాయ్ పంపాడు. నాలుగోది పోయిన నెలలో పెద్దకాపే తెచ్చాడు. మనవరాలి ఫోనులో ఆయన ఫొటో, కర్ర ముందు, గొడుగు మూసి పట్టుకుని.

"నా రోజొకటి నేనే ఇచ్చుకుంటుండా, రాసుకో" అన్నాడు.

ఇరవై నాలుగు అంగుళాలు. రాసుకున్నాను, సేవ్ నొక్కాను. షెడ్డు గోడ మీది పట్టికకు నేను బాకీ ఉన్నవి ఇంకా ఏడు.