వార్నెస్ జలసంధిలో థోరా

మా ఈడే దీవిలో థోరా డ్రెవర్‌ను ఎరగని వాళ్ళు లేరు. తండ్రి వెంట పడవెక్కిన నాటి నుంచి కీళ్ళు మొరాయించే దాకా ఎండ్రకాయల బుట్టలు లాగిన మనిషి. పడవ అమ్మేశాక ఊరికే కూర్చోలేక, వార్నెస్ జలసంధి అడుగున ప్రవాహానికి తిరుగుతూ కరెంటు తీసే మరను కనిపెట్టి ఉండే పనికి కుదిరింది. ఒడ్డున చిన్న గది, ఎదురుగా తెర, చేతి కింద ఎర్ర మీట. తేడా వస్తే మీట నొక్కి మరను ఆపాలి.

"సముద్రంలో పంకాకి కాపలా కాసే ఆడదాన్ని నిన్నే చూశానే," అని మొగుడు ఎర్లెండ్ ఆటపట్టించేవాడు.

"నీకు కాపలా కాయడం కంటే నయమేలే. చెప్పిన మాటైనా వింటుంది," అనేది.

నిజానికి అదీ వినేది కాదు. నీటి వేగానికి తగ్గట్టు రెక్కలు తిరిగితేనే కరెంటు బాగా వస్తుంది. కానీ అక్కడి ప్రవాహం నీటి అడుగునున్న రాతిగట్టు దాటగానే తీరు మార్చేస్తుంది. మర తేరుకుని వేగం అందుకునేసరికి ఆ ఉరవడి కాస్తా దాటిపోయేది.

ఆ ఏడు ఆకురాలు కాలంలో ఐలీ రెండల్ అనే ఇంజనీరు మరను నడపడానికి న్యూరల్ నెట్‌వర్క్ అనే, తనంతట తానే నేర్చుకునే కంప్యూటర్ ప్రోగ్రాం తెచ్చింది.

"దీనికి నేను సూత్రాలేవీ చెప్పలేదు థోరా. నీళ్ళ వేగం, రెక్కల వేగం, వచ్చిన కరెంటు, వేసవంతా నమోదైనవి చూపించానంతే. తప్పులు దిద్దుకుంటూ అదే నేర్చుకుంది."

"ఎవరి దగ్గర నేర్చుకున్నట్టు?"

"నీళ్ళ దగ్గరే."

పౌర్ణమి మర్నాడు, ఆటుకు నీరు ఉద్ధృతంగా వెనక్కి తీస్తున్న వేళ, మరను దానికి అప్పగించారు. కాసేపు బాగానే నడిచింది. ఉన్నట్టుండి రెక్కల వేగం తగ్గసాగింది. తెర మీద కరెంటు గీత కూడా దిగింది. థోరా వేలు మీట మీదికి పోయింది.

"ఆపేయనా పిల్లా?"

"ఎందుకు తగ్గించిందో నాకూ తెలీట్లేదు. మీకు ప్రమాదమనిపిస్తే ఆపేయండి," అంది ఐలీ.

థోరా కిటికీలోంచి చూసింది. గట్టు మీద నీరు నూనె పోసినట్టు నున్నగా పరుచుకుంది. అలా నున్నబడిందంటే వెనకే పెద్ద ఉరవడి వస్తుంది. అలాంటప్పుడు ఆమె తండ్రి తెడ్లు వదులుచేసి, ఊపిరి బిగబట్టి, నీరు ఎత్తగానే దాంతోపాటు తోసేవాడు.

వేలు తీసేసింది. "ఉండు. వస్తోంది."

నీరు ఉబికింది. ఆ ఊపును రెక్కలు సరిగ్గా అందుకున్నాయి. గీత మునుపెన్నడూ లేనంత ఎత్తుకు లేచింది. నీరు సద్దుమణిగితే రెక్కలు మందగించాయి, ఉబికితే మళ్ళీ అందుకున్నాయి.

"దానికి కిటికీ లేదు కదే. ఎలా తెలిసింది?" అంది థోరా గుసగుసగా.

"లోపల వేల అంకెలున్నాయి. ఏ అంకెలో ఈ సంగతి ఉందంటే మాత్రం చెప్పలేను."

నీటి వేగం తగ్గే దాకా ఇద్దరూ కుర్చీల్లోంచి లేవలేదు.

ఆ చలికాలమంతా మునుపటికంటే ఎక్కువ కరెంటు వచ్చింది. ఒకసారి తుపానుకు కొట్టుకొచ్చిన వల రెక్కలకు చుట్టుకుంటే థోరాయే మీట నొక్కింది. వలల సంగతి అది ఇంకా నేర్చుకోలేదు.

రేవులో ఓడలకు తాళ్ళు కట్టే పని నాది. ఒక సాయంత్రం థోరా రేవు చివర నిలబడి, కొత్తగా వచ్చిన మనిషిలా నీటికేసి చూస్తోంది.

"ఏం చూస్తున్నావ్ థోరా? పుట్టినప్పట్నించీ చూస్తున్నదేగా?" అన్నాను.

"చూశాననే అనుకున్నా," అంది, తల తిప్పకుండానే.