గోడ మీద పెట్టిన చాకు

మంచి చాకే కొన్నాను. కానీ దాని పిడి పట్టుకున్నప్పుడల్లా సిగ్గేస్తుంది.

అంతకుముందు అరటాకు కోయాలంటే పక్కింటి పిన్నిగారి కత్తే మాకు దిక్కు. చేతికిస్తే తగువులొస్తాయని ఆవిడ దాన్ని పిట్టగోడ మీద పెట్టేవారు. పెట్టాక మాత్రం కత్తి మీద చెయ్యి తీయకుండా అరగంట కబుర్లు చెప్పేవారు.

ఆ కబుర్లు భరించలేకే అమలాపురం బజారుకి వెళ్లి మడత చాకు అడిగాను. నా దగ్గరున్న డబ్బుకి నాలుగు పనిముట్లతో తళతళలాడేది ఒకటి వచ్చేది గానీ, తెరవగానే దాని బ్లేడు అటూ ఇటూ ఊగింది. చెక్క పిడి ఉన్న సాదాది టక్కున బిగిసింది. ధరా తక్కువే. నా అంత తెలివైనవాడు లేడనుకుంటూ ఇంటికొచ్చాను.

నెల తిరక్కుండానే పిన్నిగారు గోడ దగ్గరికి వచ్చారు.

"మా కత్తి మొద్దుబారిపోయింది బాబూ. మీ చాకు ఓసారి ఇస్తారా?"

"త్వరగా తెచ్చిచ్చేయండి," అంటూ అందించబోయాను.

"చేతికొద్దండీ, గోడ మీద పెట్టండి. మనకి తగువెందుకు?"

పెడుతూ అటు చూశాను. వాళ్ల అరుగు మీద అప్పుడే కోసిన అరటాకుల కట్ట, పక్కనే ఆవిడ కత్తి. దాని అంచున జిగురు ఇంకా ఆరలేదు. 'త్వరగా' అన్నందుకు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

పిన్నిగారు నా చాకు మీద చెయ్యి వేశారు. తీసుకోలేదు.

"పిల్లలెలా ఉన్నారండీ?" అని అడిగారు.