మా డ్రోను పోయిందంటే ఏమైనట్టు?

తెలుగు అయ్యవారిని తెలుగే ముంచిన కథ ఇది. గోదాట్లోనో తుంగభద్రలోనో ముంచి ఉంటే కొంత పుణ్యమైనా దక్కేది. సబ్బునీళ్ళలో ముంచింది. ఈ కథ ముగిసేసరికి ఒక మర్యాదస్తుడు పంచె ఎగగట్టి, మిద్దె మీద భార్య చీరలు పిండుతూ ఉంటాడు. ఎదురింటివాళ్ళు పని మానుకుని చూస్తూ ఉంటారు. ఆ మర్యాదస్తుడు ఎవరో నేను చెప్పను. నా వేళ్ళు వాసన చూస్తే మీకే తెలుస్తుంది.

ఎమ్మిగనూరులో హైస్కూలు పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పుకునేవాడికి డ్రోను ఎందుకయ్యా అని మీరు అడగవచ్చు. మా ఆవిడ రమ కూడా అడిగింది.

"పైనుంచి చూస్తే మన ఊరు ఎట్లుంటుందో చూడాలని ఉంది రమా."

"మిద్దెక్కి చూడు."

"అంతకన్నా పైనుంచి."

"నీళ్ళ ట్యాంకు ఎక్కు."

అసలు చిక్కు ఎత్తుతో కాదు, ఉతుకుతో. రమ వాషింగ్ మెషిను కోసం కూడబెట్టిన డబ్బు మీద నా కన్ను పడింది. ఉతికే మిషను డబ్బుతో ఎగిరే మిషను కొంటానంటే ఏ ఇల్లాలు ఊరుకుంటుంది?

"అది పొయ్యి యాడన్నా గోడకు కొట్టుకుంటేనో?" అంది.

"ఇన్సూరెన్సు చేయిస్తా. పగిలితే కొత్తది ఇస్తారు."

"కనపడకుండా పోతేనో?"

"దానికీ ఉంది. పోయినా మనకేం పోదు."

"పొయ్యి, వాళ్ళు ఇయ్యకుంటే?"

ఇక్కడ నేను మూసుకోవలసింది నోరు. తెరిచింది కూడా అదే. "అట్లా జరిగితే, నీ పట్టుచీర మొదలు దిండు గలీబు దాకా ఈ ఇంట్లో బట్టలన్నీ నేనే ఉతుకుతా. మిషను వచ్చేదాకా. ఒట్టు" అన్నాను.

రమ మొహంలో ఒక చిరునవ్వు మెరిసింది. ఓడినా గెలిచే బేరం దొరికినవాళ్ళు నవ్వే నవ్వది. నాకప్పుడు తెలియలేదు. నా చూపంతా ఆకాశంలో ఉంది.

ఆదోనిలో మహబూబ్ బాషా అని, కెమెరాలూ డ్రోన్లూ అమ్మే అంగడి ఆయన. ఇన్సూరెన్సు కూడా తనే చేయిస్తాడు. ఇంకా డ్రోను చేతికి రాలేదు, ఎగరేయడం అసలే రాదు, పాలసీ కాగితాలు మాత్రం మడత పెట్టి జేబులో పెట్టుకున్నాను. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుక్కి ఇన్సూరెన్సు!

"రెండూ ఉండాయి సారూ" అన్నాడు బాషా. "పగిలితే పగిలిందని సెప్పండి, కనపడకుంటే కనపడలేదని సెప్పండి. ఒక్క ఫోను. కొత్తది ఇంటికే వస్తాది."

"అంటే, పోతే చెప్పాలి. అంతే కదా?"

"అంతే సారూ, పోతే."

చూశారా, రెండు ముక్కలుగా ఉన్న మాటను ఒక్కటి చేశాను. సంధి చెయ్యడం నా వృత్తి. కలపాల్సిన మాటల్ని విడిగా వదిలేసే విసంధి దోషం అంటే నాకు ప్రాణం పోతుంది. మళ్ళీ అదే మాట వచ్చింది, గమనించండి.

బాషా మిద్దె మీదే మొదటి పరీక్ష. మిద్దె వెనకాల నాగరాజ శెట్టి గారి జిన్నింగు మిల్లు. పత్తి దిగుబడి కాలం. మిల్లు ఆవరణలో పత్తి కుప్పలు ఆదోని కొండకు తమ్ముళ్ళలాగా ఉన్నాయి.

"ఎగరేసే ముందు కాసేపు దాన్ని కదిలియ్యొద్దు సారూ" అన్నాడు బాషా. "యాడినుంచి లేస్తాండానో అది గుర్తు పెట్టుకోవాల. అప్పుడు 'ఇంటికి' అనే బొత్తాం ఒత్తితే ఈడికే తిరిగొస్తాది."

"ఎంతసేపు ఆగాలి?"

"ఫోన్లో కూత వస్తాది సారూ, అంతవరకూ."

ఇరవయ్యేళ్ళుగా పిల్లలకు 'ఆగండి, తొందరపడకండి' అని చెప్పి చెప్పి, నా దగ్గరున్న ఓపికంతా ఖర్చు చేసేశాను. కూత రాకముందే లేపేశాను. డ్రోను మిల్లు మీదికి పోయింది. సరిగ్గా పెద్ద పత్తి కుప్ప నడినెత్తికి పోయాక ఫోను 'కుయ్' మంది. 'ఇల్లు గుర్తుపెట్టుకున్నాను' అని దాని అర్థం. 'నమస్కారం' అంటోందేమో అనుకున్నాను నేను.

ఇంతలో గాలి వచ్చింది. డ్రోను ఊగింది. దానికంటే ఎక్కువ నేను ఊగాను. 'ఇంటికి' నొక్కాను. అది గంభీరంగా వెనక్కి తిరిగింది, మా వైపు రాలేదు.

"యాడికి పోతాంది సారూ?"

"ఇంటికే నొక్కాను బాషా."

"ఎవురింటికి?"

డ్రోను పత్తి కుప్ప మీద, పుట్టింటికొచ్చిన ఆడపిల్లలాగా హాయిగా వాలింది. తెల్లటి పత్తిలో తెల్లటి డ్రోను. మేం మెట్లు దిగి మిల్లు గేటు చేరేలోపల దాని మీద మరో ట్రాక్టరు పత్తి గుమ్మరించేశారు.

"శెట్టి మద్దికెరకు పోయినాడు" అన్నాడు మిల్లు కావలి మనిషి. "ఆయప్ప వచ్చేదాకా కుప్ప ముట్టేది లే."

శెట్టి కోసం ఆగి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. కానీ ఆగడం గురించి నా సంగతి మీకు చెప్పేశాను. ఇన్సూరెన్సు వాళ్ళకు ఫోన్ చేశాను. తేనె పూసిన గొంతుతో ఒకమ్మాయి పలికింది.

"మా డ్రోను పోయిందమ్మా" అన్నాను.

"అయ్యో. పాడైపోయిందా సార్, లేక కనపడకుండా పోయిందా?"

నాలోని తెలుగు అయ్యవారు నిద్రలేచాడు. "రెండింట్లోనూ 'పోయింది' ఉంది కదమ్మా! తెలుగులో కరెంటు పోతుంది, పరువు పోతుంది, బల్బు పోతుంది, బస్సు పోతుంది, పక్కింటి పెద్దాయన కూడా పోతాడు. అట్లాగే ఇదీ పోయింది."

"పెద్దాయన కూడా పోయారా సార్?"

"పెద్దాయన బాగున్నాడు తల్లీ! పోయింది డ్రోను."

"అయితే లాస్ అని రాసుకుంటున్నాను సార్."

"ఏదో ఒకటి రాసుకో. కొత్తది పంపు."

ఏదో ఒకటి! ఒత్తు తప్పితే పిల్లల చెవులు మెలిపెట్టే మనిషి అన్న మాట అది.

పోయిందని రాశారు కాబట్టి, దొరకడం లేదని పోలీసుల కాగితం కావాలన్నారు. స్టేషనుకు పోయాను. అక్కడ పెద్దమీసాల హెడ్ కానిస్టేబులు మర్యాదగా కుర్చీ చూపించి, పెన్ను తీశాడు.

"యాడ పోయింది సారూ?"

"శెట్టి గారి మిల్లులో. పత్తి కుప్పలో."

"ఏ కుప్ప?"

"గేటు పక్కన ఎడమచేతిది."

"పైనా, కిందా?"

"కొంచెం పైనే. దక్షిణం వైపు."

ఆయన పెన్నుకు మూత పెట్టేశాడు. "అది యాడుండాదో నీకు తెల్సు. ఇప్పుడు నాకూ తెల్సు. మాపటికి ఆదోని అంతా తెలుస్తాది. ఇంగ పోయిందని యా మొగం పెట్టుకోని రాసేది? జొన్నగిరి చేన్లల్లో వజ్రాల రాళ్ళకోసరం ఎతికేటోళ్ళు గూడా ఇంత గురుతుగా సెప్పరప్పా!"

"కానీ కనపడటం లేదు కదా?"

"నీ ఇంట్లో ఉప్పు డబ్బా కనపడకుంటే ఈడికొస్తావా? ఇంటామెను అడుగుతావు. పొయ్యి శెట్టిని అడుగు."

ఎమ్మిగనూరు బస్సెక్కి ఇంటికి వచ్చాను. రమ బకెట్టును కడిగి, గుమ్మం పక్కన బోర్లించి పెట్టింది. మాటల్లేకుండా అంత చెప్పగలవాళ్ళు ఉన్నప్పుడు ఈ దేశానికి తెలుగు అయ్యవార్లు ఎందుకో నాకు తెలియదు.

రెండు మూడు రోజులకు నాగరాజ శెట్టి వచ్చాడని కబురందింది. సంగతి పరిశీలించడానికి కర్నూలు నుంచి ఇన్సూరెన్సు సర్వేయరు కూడా అదే రోజు వస్తున్నాడు. సెలవు పెట్టి మిల్లుకు పోయాను. బాషా అప్పటికే అక్కడున్నాడు. శెట్టి నన్ను చూడగానే రెండు చేతులూ జోడించాడు. నమస్కారమనుకున్నాను. కాదు.

"బ్యాటరీనా సారు! పత్తిలోనా! నా మిల్లులో బీడీ ఎలిగిస్తే సొంత అల్లున్ని గూడా గేటు బయట నిలబెడతా. మీరు నిప్పును గాల్లో తెచ్చి నా కుప్పలో పెట్టినారు గదప్పా! అంటుకోనుంటే?"

"అంటుకోలేదు కదా శెట్టీ."

"అంటుకోనుంటే మీ ఇన్సూరెన్సు నాకిస్తాదా?"

శెట్టి తిట్టుకుంటూనే కూలీలను పిలిచాడు. కూలీలు కుప్ప తిరగేశారు. ఆడవాళ్ళు ఒక్కో గంప తోడుతూ, "సారు బొమ్మ యాడ దాంకుందో" అని ఒకటే నవ్వులు. కాసేపటికి "ఇదో!" అని ఒకామె చెయ్యెత్తింది. డ్రోను! తలంటు పోసి తువ్వాల్లో చుట్టిన పసిబిడ్డలా, ఒళ్ళంతా దూదితో, చిన్న గీత కూడా లేకుండా బయటికి వచ్చింది. పత్తిలో పడింది మరి. లోకంలో అంత మెత్తగా పడిన వస్తువు ఇంకొకటి ఉండదు.

సర్వేయరు సౌమ్యుడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దొరికింది కాబట్టి లాస్ లేదు. వస్తువు దొరికిందని ఇక్కడ సంతకం చేయండి, మాస్టారూ. నేను బయల్దేరుతాను" అన్నాడు.

చేశాను. ఒట్టు గట్టెక్కింది. బకెట్టు బకెట్టులాగే బోర్లాపడి ఉంటుంది. డ్రోన్ను సంచిలో పెట్టుకుని బస్సెక్కవలసిన వాణ్ణి నేను. కానీ ఎగిరేది డ్రోను, ఎగిరిపడేది నేను.

"ఉండండి సార్. ఎంత బాగా పనిచేస్తుందో ఎగరేసి చూపిస్తా" అన్నాను.

"వద్దు మాస్టారూ, అవసరం లేదు" అన్నాడు సర్వేయరు.

"వద్దు సారూ" అన్నాడు బాషా.

"వద్దే వద్దు సారు" అన్నాడు శెట్టి, నా గడ్డం పట్టుకోబోతూ.

శెట్టి ఆఫీసులోనే చార్జింగు పెట్టించాను. ఈసారి ఆగాను చూడండి! ఆవరణ మధ్యలో ఖాళీ జాగా చూసి పెట్టి, కూత వచ్చేదాకా కొంగలా నిలబడ్డాను. వచ్చింది. లేపాను. కూలీలు చప్పట్లు కొట్టారు. మిల్లు చుట్టూ తిప్పాను. అప్పుడు సర్వేయరు వైపు తిరిగి, "చూడండి, ఇప్పుడు దాని ఇంటికి అదే వస్తుంది" అని బొత్తాం నొక్కాను.

వచ్చింది. బుద్ధిమంతుడిలా, లేచిన చోటికే సూటిగా దిగడం మొదలుపెట్టింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అదే సమయానికి ఒక ట్రాక్టరు, వెనక ట్రాలీ నిండా పత్తితో, కుప్ప వైపు వెనక్కి వస్తోందని నాకేం తెలుసు? డ్రైవరుకు ముందు స్టీరింగు, వెనక పత్తి గోడ. వెనక ఏముందో కనపడే వీలే లేదు.

"సారు, పట్టుకోండి దాన్ని!" అని శెట్టి అరిచాడు.

నేను ఆనందంలో చెయ్యి ఊపుతూ ఇంకా గట్టిగా అరిచాను. "రానీ శెట్టీ, రానీ! దానికి తెలుసు! రానీ... రానీ... రానీ!"

ట్రాక్టరు వెనక నిలబడి ఎవరైనా "రానీ రానీ" అంటే డ్రైవరు ఏం చేస్తాడో మీకు నేను చెప్పాలా? ఆయన నా మాట మీద గౌరవం కొద్దీ వచ్చాడు. డ్రోను నేల తాకింది, రెక్కలు ఆగాయి, ట్రాలీ చక్రం దాని మీదికి ఎక్కింది. అప్పడం విరిగినట్టు చిన్న చప్పుడు.

డ్రైవరు సీటులోంచి తల బయటికి పెట్టి అడిగాడు.

"ఇంగా రానీనా సారూ?"

నేను సర్వేయరు చేతులు పట్టుకున్నాను. "సార్, మీ కళ్ళ ముందే! పగిలింది చూశారు కదా?"

"చూశాను మాస్టారూ. అంతకన్నా బాగా పగలడం సాధ్యం కాదు" అన్నాడాయన జాలిగా. "కానీ నేను వచ్చింది పోయినదాని కోసం. అది దొరికిందని మీరే సంతకం చేశారు. పగిలినదానికి మళ్ళీ ఫోన్ చేసుకోండి."

చేశాను. అదే అమ్మాయి. ఈసారి జాగ్రత్తగా మాట్లాడాను. "అమ్మా, డ్రోను భగ్నమైంది. ఛిద్రమైంది. నుజ్జునుజ్జయింది. పోలేదు. ఇక్కడే నా కళ్ళెదుటే ఉంది."

"సారీ సార్. మీ పాలసీలో ఏడాదికి ఒక్క క్లెయిమే. వస్తువు దొరికినా అది లెక్కే, మీది అయిపోయింది."

ముక్కలు ప్లాస్టిక్ సంచిలో వేసుకుని ఇల్లు చేరాను. రమ తలుపు తీసింది.

"ఇంటికొచ్చింది రమా" అన్నాను.

సంచి వంక, నా వంక చూసింది. "పాపం, ప్రయాణంలో శానా సిక్కిపోయిందే" అంది. బకెట్టు తిప్పి నిలబెట్టింది.

ఆ ఆదివారం మిద్దె మీద, నురగ చేత్తోనే ఆకాశం సాక్షిగా ఒట్టు వేసుకున్నాను. డ్రోను ఎగరేయనేల, చీరలు ఉతకనేల? ఇకమీదట విరిగితే విరిగిందంటాను, చిరిగితే చిరిగిందంటాను, కనపడకుంటే కనపడలేదంటాను. ట్రాక్టరు కనుచూపుమేరలో ఉంటే ఎవ్వరినీ రానీ అనను, చుట్టాలనైనా సరే. ఇక 'పోయింది' అన్న మాట బతికినన్నాళ్ళూ నా నోట రాదు, రాదు, రాదు.

అప్పుడే కిందినుంచి రమ కేక వేసింది.

"ఏమప్పా, పైన సబ్బుండాదా?"

"అయిపోయింది!"