మా అత్త వేళ్లకు తెలిసేది

మా మేనత్త పోయిన మంగళవారం ఉదయం చనిపోయింది. నాకు తెలిసేసరికి మధ్యాహ్నమైంది. సుల్తాన్‌పూర్‌లో నేను పనిచేసే కంపెనీలో ఫోన్లు బయట లాకర్లో పెట్టి లోపలికి వెళ్లాలి. భోజనాల వేళ తెరిచి చూస్తే అత్త కూతురు చాలాసార్లు చేసి ఉంది. మాట్లాడకముందే అర్థమైంది. అత్త పొద్దున చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మంచం మీద కాసేపు ఒరిగిందట. మళ్లీ లేవలేదు.

అత్త చదివింది ఏడో తరగతి. మామ పోయాక పాశమైలారంలో ఒక కంపెనీలో పనికి చేరింది. కార్లకూ ట్రాక్టర్లకూ కావలసిన వైర్లను కట్టలుగా కట్టి, టేపు చుట్టి పంపే కంపెనీ అది. ఇరవై ఏళ్లకు పైగా అక్కడే చేసింది. చివరి ఏళ్లలో తయారైన కట్టలను తనిఖీ చేసే బల్ల ఆమెదే. ఆ పని మానేశాక కూడా చేతికి ఆ అలవాటు పోలేదు. మా ఇంటికొస్తే మిక్సీ వైరును రెండు వేళ్ల మధ్య పెట్టి ఆ చివర నుంచి ఈ చివర దాకా జార్చి చూసేది. పెళ్లిళ్లలో పందిరికి వేలాడే లైట్ల వైరునూ వదిలేది కాదు. చూస్తే తెలియదు, తడిమితే తెలుస్తుంది అనేది. మేం నవ్వుకునేవాళ్లం.

ఆ వేళ్ల విలువ నాకు తెలిసింది మా పాత కారు వల్ల.

నేను డ్యూటీకి వెళ్లిరావడానికని మా ఆయన పదిహేనేళ్ల నాటి కారు ఒకటి కొన్నాడు. నెల తిరగకుండానే అది నడుస్తూ నడుస్తూ ఆగిపోవడం మొదలైంది. లైట్లు వెలుగుతాయి, హారన్ మోగుతుంది, ఇంజిన్ మాత్రం ఉన్నట్టుండి చచ్చిపోతుంది. వింత ఏమిటంటే అది నేను నడిపినప్పుడే ఆగేది. మా ఆయన వచ్చి కూర్చుని తాళం తిప్పితే మొదటిసారికే అందుకునేది. మెకానిక్ బ్యాటరీ మార్చాడు, ఇంకేవో మార్చాడు. చివరికి, మేడమ్‌కి క్లచ్ మీద కాలు కుదరడం లేదని మా ఆయనతో చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను.

ఒక ఆదివారం రుద్రారం దాటాక హైవే మీద ఆగింది. వెనక సీట్లో మా పాప ఉంది. వెనక వస్తున్న లారీ జానెడు దూరంలో ఆగింది. మా ఆయన బండి మీద వచ్చి, కారులో కూర్చుని, ఒక్కసారికే స్టార్ట్ చేశాడు. నన్ను ఏమీ అనలేదు. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు. మరునాటి నుంచి కంపెనీ బస్సెక్కాను. కారు అమ్మేద్దామని మా ఆయన అంటే సరేనన్నాను. నాకు డ్రైవింగ్ రాదని నేనే నమ్మడం మొదలుపెట్టాను.

అత్తకు ఈ సంగతి చెబుతూ, తప్పు నాదేనేమో అన్నాను. అత్త ఎప్పుడూ ఏమైందని అడిగేది కాదు, ఎప్పుడైందని అడిగేది. ఎక్కడ ఆగింది, గుంతలోనా, స్పీడ్ బ్రేకర్ మీదా, ఎవరెవరు కూర్చున్నారు, అన్నీ అడిగింది. తర్వాత నెమ్మదిగా అంది:

"నువ్వు కూసుంటేనే ఆగుతున్నదంటే అది నీ తప్పు గాదు బిడ్డా. మనకు దొరికిన జాడ అదే."

అంతవరకూ ఆ మాట నాతో ఎవరూ అనలేదు.

తర్వాతి ఆదివారం పొద్దున కారును పాశమైలారం తెప్పించింది. సెలవు కాబట్టి ఫ్యాక్టరీల మధ్య రోడ్డు ఖాళీగా ఉంది. అత్త వెనక సీట్లో కూర్చుని నన్ను నడపమంది. రెండో స్పీడ్ బ్రేకర్ మీద కారు ఆగిపోయింది. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. అత్త పట్టించుకోకుండా మా ఆయనను కూర్చోమంది. అదే రోడ్డు మీద ఐదుసార్లు తిప్పించింది. ఆగలేదు.

"స్టార్ట్ చేసే ముందు ఏం జేసినవ్ కొడుకా?" అని అడిగింది. వరసకు అతను ఆమెకు కొడుకే.

"ఏం జెయ్యలే అమ్మా."

"సీటు ఎనకకు జరిపినవ్."

నేను పొట్టిదాన్ని. సీటు పూర్తిగా ముందుకు లాక్కుంటే తప్ప నాకు కాలు అందదు. అత్త ఆ సీటును మళ్లీ ముందుకు జరిపించి, అలాగే నడపమంది. మోకాళ్లు స్టీరింగ్‌కు తగులుతుంటే మా ఆయన ఇరుక్కుని కూర్చుని నడిపాడు. మొదటి స్పీడ్ బ్రేకర్ మీదే ఇంజిన్ ఆగిపోయింది.

అత్త చీర కొంగు నడుముకు దోపి, సీటు కిందికి చెయ్యి పెట్టింది. కింది కార్పెట్ లేపి, వైర్ల కట్టను పట్టుకుని, కళ్లు మూసుకుని ఒక్కొక్కటే తడిమింది. ఒకచోట ఆగి, ఇక్కడ మెత్తగా ఉందని చెప్పింది. ట్యాంకులోని పెట్రోల్ పంపుకు వెళ్లే వైరు అది. ఎప్పుడో ఎవరో కార్పెట్ మార్చినప్పుడు సీటు జరిగే పట్టా కింద ఇరికించారు. పైతొడుగు చెక్కుచెదరలేదు, లోపలి రాగి పోగులు మాత్రం దాదాపు తెగిపోయాయి. సీటు ముందుకు జరిగితే వైరు బిగుసుకునేది, కుదుపు వస్తే విడిపోయేది. మరునాడు మెకానిక్ కోసి చూస్తే మూడో నాలుగో పోగులు మిగిలి ఉన్నాయి.

ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు అత్త సీటును వెనక్కి జరిపించి, నా వీపు వెనక రెండు దిండ్లు పెట్టింది. మా ఆయన తాళం నా చేతికిచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. ఇస్నాపూర్ దాటాక, రోడ్డు వైపే చూస్తూ, "నిన్ను నేను నమ్మలే. తప్పైంది," అన్నాడు.

ఈ మధ్య అత్తకు షుగర్ ఎక్కువై వేళ్లకు స్పర్శ తగ్గింది. కిందటి నెల వెళ్లినప్పుడు ఇస్త్రీ పెట్టె వైరు నా చేతికిచ్చి, నా వేళ్ల మీద తన వేళ్లు వేసి, మెల్లగా జార్చింది. ఏమైనా తెలిసిందా అని అడిగింది. ఆమె ముఖం చూసి, తెలిసిందన్నాను.

అత్త నవ్వింది. "తెల్వకుంటే తెల్వలేదను బిడ్డా. అప్పుడే మల్ల చూస్తం."

మంగళవారం సాయంత్రం అంతా అయ్యాక, అత్తతో పనిచేసిన ఆడవాళ్లు నలుగురు అత్త ఇంటి వాకిట్లో నిలబడి ఉన్నారు. సెలవు దొరకక, డ్యూటీ మధ్యలో అడిగి వచ్చారట. ముగ్గురు ఒడిశా వాళ్లు, ఒకామె బిహార్ ఆమె. నేను వాళ్లను కారులో ఫ్యాక్టరీ గేటు దాకా తీసుకెళ్లాను. దారిలో వాళ్లలో వాళ్లు హిందీలో మాట్లాడుకున్నారు. గేటు దగ్గర అందరూ దిగారు. ముందు సీట్లో కూర్చున్నామె రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చి, కిటికీలోంచి వంగింది. వచ్చీరాని తెలుగులో ఏదో అంటుందనుకున్నాను. కానీ అచ్చం అత్త యాసే, మాట చివర అత్త తీసే దీర్ఘమే.

"పొద్దటి నుంచి ఏమన్న తిన్నవా, బిడ్డా?"

ఆమె నాకంటే చిన్నది. తినలేదని తల ఊపాను. సంచిలోంచి రొట్టెల పొట్లం తీసి నా ఒడిలో పెట్టి పరుగున వెళ్లింది. మిగతా ముగ్గురూ గేటు లోపల ఆమె కోసం ఆగారు. నలుగురూ నీలం టోపీలు తలకు సర్దుకుంటూ, వరుసలో లోపలికి నడిచారు.