కాలవలు వదిలేలోపు

మా ఊళ్లో ముసలివాళ్లు ఎండాకాలంలో పోవాలని మొక్కుకునేవాళ్లు. నవ్వకండి, నిజం. మిగతా ఊళ్లలో ఏం కోరుకుంటారో నాకు తెలీదు. కంకిపాడు దాటి లోపలికి ఉన్న మా ఊళ్లో మాత్రం కోతలయ్యాక, మళ్లీ కాలవలు వదిలేలోపు పోవాలి. ఎందుకంటే మా వల్లకాడు చేలకి అవతల, మురుగు కాలవ పక్కన ఉంది. దానికి దారి లేదు. ఎండాకాలంలో అయితే చేలకి అడ్డంపడి నడిచి పోవచ్చు. వానాకాలంలో మోకాలి లోతు బురద, మధ్యలో ఒక్క మనిషి పట్టే గట్టు. పాడె మోసే నలుగురూ ఆ గట్టు మీద ఎలా పడతారు? ఇద్దరు ఇటు చేలో, ఇద్దరు అటు చేలో దిగి కాళ్లీడ్చుకుంటూ పోవాలి.

మా మామగారు భాద్రపదంలో పోయారు. అప్పటికి నేను కాపురానికొచ్చి ఏడాది కూడా కాలేదు. ఆడవాళ్లం వీధి చివరిదాకానే వెళ్లాం. మాది ఎత్తుపల్లాల్లేని నేల కదా, అక్కడ నిలబడితే వల్లకాడు దాకా అంతా కనపడుతుంది. సగం దూరంలో దింపుడు కళ్లానికి పాడె దించాలి, కొడుకు చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలవాలి. దించడానికి చోటేదీ? గట్టు మీద ఆనించబోతే జారింది. పాడె ఒకపక్కకి ఒరిగి, ఆయన నీళ్లల్లో పడ్డారు. అందరూ కేకలేసుకుంటూ ఎత్తి, పిలవకుండానే తీసుకుపోయారు. మా అత్తయ్య ఏడుపు ఆపేసి అదంతా చూసింది. ఆ తర్వాత ఎన్నేళ్లయినా ఉన్నట్టుండి "మీ మామయ్యని ఎవరూ పిలవలేదే" అనేది.

తొంభైల మధ్యలో మా ఊరి మండలం మెంబరు సీటు ఆడవాళ్లకి వచ్చింది. మా ఆయన నా చేత కాగితాల మీద సంతకాలు పెట్టించాడు, ప్రచారం తనే చేశాడు, గెలిచాక దండలు కూడా తనే వేయించుకున్నాడు. నా మెడలో కూడా ఒకటి పడిందిలెండి, ఫోటో కోసం. ఆ సాయంత్రం అత్తయ్య నన్ను వంటింట్లోకి పిలిచింది.

"అమ్మాయ్, నువ్విప్పుడు మెంబరువి. వల్లకాటికి రోడ్డెయ్యించు. నన్ను పొడినేల మీద దించి, మావాడు పిలవాలి. ఇంకేం అడగను" అంది.

"అబ్బ, పండగపూట ఏం మాటలత్తయ్యా" అన్నాను. అన్నానే గానీ మనసులో అనుకున్నాను, ఇది చెయ్యకపోతే నేనెందుకు అని.

మండలాఫీసులో పద్ధతేంటంటే, ప్రతి మెంబరూ తన ఊరికి కావలసిన పనులు చెప్పాలి. వాటిల్లోంచి ఏడాదికి కొన్ని ఎంచుతారు. ఒకాయన బడికి ప్రహరీగోడ అడిగాడు. ఇంకొకాయన మంచినీళ్ల ట్యాంకు అడిగాడు. మరొకాయన కాలవ మలుపు దగ్గర బస్సులు నీళ్లల్లో పడకుండా పిట్టగోడ కావాలన్నాడు. నా వంతొచ్చింది. లేచి నిలబడి వల్లకాటికి రోడ్డు కావాలన్నాను. హాలంతా గొల్లుమంది.

"బతికున్నవాళ్లకే రోడ్లు లేక చస్తుంటే, చచ్చినవాళ్లకి రోడ్డేంటమ్మా" అన్నాడు ఒక పెద్దమనిషి.

నాకు ఒళ్లు మండింది. "మీ ఊళ్లో పోయినవాళ్లు ఏ బస్సెక్కి వెళ్తారో నాకు తెలీదండీ. మా ఊళ్లో మాత్రం నలుగురి భుజాల మీదే వెళ్లాలి" అన్నాను. ఇంకా గట్టిగా నవ్వారు. ఆ రోజునుంచి నాకు వల్లకాటి మెంబరుగారని పేరు పడింది. వరండాలో నిలబడి అన్నీ విన్న మా ఆయన నన్ను స్కూటరు మీద ఇంటికి తీసుకొచ్చాడు. గుమ్మంలోకి రాగానే "పరువు తీశావు" అన్నాడు.

అయినా నేను వదల్లేదు. ప్రతి మీటింగులోనూ అదే పాట. చివరికి విసుగొచ్చో జాలేసో ఒప్పుకున్నారు. ఇంజనీరుగారు వచ్చి, పాంటు మోకాళ్లదాకా మడిచి, గట్టు వెంట నడిచి చూశాడు. నెమ్మదైన మనిషి. రెండు చేతులూ బార్లా చాపి చూపించాడు.

"పాడె, దానికి అటూ ఇటూ మోసేవాళ్లు. అంత వెడల్పు చాలమ్మా. స్థలం రాసిస్తే ఈ ఏడే పెట్టేద్దాం. రాసివ్వకపోతే మాత్రం నేనేం చెయ్యలేను" అన్నాడు.

గట్టు పక్కన పొలాలున్న రైతుల ఇళ్లకి తిరిగాను. "ముందు మీరివ్వండి, మేమూ ఇస్తాం" అన్నారు. అదీ న్యాయమే. ఆ దారిలో ఎక్కువ భాగం మా పొలం పక్కనుంచే పోవాలి. ఆ పొలం మా అత్తయ్యది. ఆవిడ ఈ ఊరి ఆడపడుచే, పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద రాసిచ్చారు. హమ్మయ్య అనుకున్నాను. పొలం ఆవిడది, కోరికా ఆవిడదే, ఇంక కాదనేవాడెవడు?

మా ఆయన కాదన్నాడు. అన్నం తింటూ అన్నాడు.

"బెజవాడవాళ్లు వచ్చి ఇటు పొలాలన్నీ ప్లాట్లు చేస్తున్నారు. రేపు మన దగ్గరికీ వస్తారు. శవాలు పోయే దారి పక్కన ఇల్లెవడు కట్టుకుంటాడు? అవతలి గట్టు మీదనుంచి వేసుకోమను."

"అవతలి గట్టు వాళ్లూ అదే అంటారుగా!" అని నేను అరిచాను.

అత్తయ్య గుమ్మంలో నిలబడి "పొలం నాదిరా" అంది. ఆ మాట ఆవిడ నోట నేను వినడం అదే మొదలు, అదే ఆఖరు. మా ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. "అవునమ్మా, నీదే. పెట్టుకో సంతకం. నేనెవణ్ణి" అని పశువుల చావిట్లోకి పోయి పడుకున్నాడు. మర్నాడు ఇంట్లో తినలేదు. ఆ మర్నాడూ తినలేదు. ఎదిగిన మనిషి అలిగితే చూడ్డానికి అసహ్యంగా ఉంటుందండీ, కానీ తల్లికి అలా ఉండదు. అత్తయ్య కంచం పట్టుకుని చావిడి గుమ్మం దగ్గర నిలబడింది.

"వాడి మనసు కష్టపెట్టి పొడినేల మీద పోయి నేనేం బావుకుంటాను? వద్దులే అమ్మాయ్" అంది నాతో.

ఎన్ని విధాల చెప్పినా సంతకం పెట్టలేదు. ఆ రోడ్డు వేరే ఊరికి పోయింది. నా అయిదేళ్లూ అయిపోయాయి. నేను ఆ ఇద్దరితోనూ చాలా రోజులు ముభావంగా ఉన్నాను, ఎవరూ పట్టించుకోలేదు.

రోడ్డు రాదని తేలాక అత్తయ్య ఎండాకాలం మీద ఆశ పెట్టుకుంది. ఉగాది రాగానే "ఈసారి వెళ్లిపోతానే" అనేది. కాలవలు వదిలిన రోజున అరుగు మీద కూర్చుని, ఎర్రనీళ్లు చెత్తని తోసుకుంటూ రావడం చూసి ఉసూరుమనేది. "ఇంక కోతలదాకా నాకు కుదరదు" అనేది. మేం నవ్వేవాళ్లం. ఆవిడా నవ్వేది, కానీ ఆవిడ నవ్వులాటకి అనలేదు.

రెండువేలు దాటాక కరువొచ్చింది. ఎగువనుంచి నీళ్లు రాలేదు. శ్రావణమాసం వచ్చినా కాలవలు నోరు తెరుచుకునే ఉన్నాయి. డెల్టాలో పుట్టి నాట్లు లేని చేలు చూస్తామని ఎవరనుకున్నాం! ఊరంతా నెత్తిన చేతులు పెట్టుకుంటే, అత్తయ్యకి ఆయాసం మొదలైంది. గుండె పెద్దదైందన్నారు.

"ఇంట్లోనే ఉంచరా. చేలు పొడిగా ఉన్నాయి" అంది కొడుకుతో.

ఆయన వింటాడా? రెండు చేతులతో ఎత్తి కార్లో పడుకోబెట్టి బెజవాడ ఆస్పత్రికి తీసుకుపోయాడు. అక్కడ గడ్డం మాసిపోయి, నిద్ర లేక, ఆవిడ పాదాలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. "అమ్మా, నువ్వు పోతే నాకెవరున్నారే" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను, నన్ను లెక్కలో వేసుకోలేదు. పోనీలెండి. చెడ్డమనిషి కాదు, తల్లంటే ప్రాణం. ఆవిడ బతికింది. ఊరికి తెచ్చాక కనపడినవాళ్లందరికీ "మా అమ్మని దక్కించుకున్నా" అని చెప్పుకున్నాడు.

అత్తయ్య మంచం మీదనుంచి నావైపు చూసింది. "ఆఖర్న పిలవరా అంటే, ముందే పిలిచి వెనక్కి తెచ్చాడే" అంది.

మరుసటేడు కాలవలు నిండా పారాయి. ఊరు ఊరంతా కళకళలాడింది. దసరా వెళ్లాక ముసురు పట్టింది. ఆ ముసురులోనే ఒక ఉదయం కాఫీ తీసుకెళ్లి లేపితే అత్తయ్య లేవలేదు.

బంధువులొచ్చారు, పాడె కట్టారు. తలకొరివి పెట్టాల్సినవాడు కనపడలేదు. "చేలో ఉన్నాడు" అన్నారెవరో. వీధి చివరికి పరిగెత్తాను. మా ఆయన పంచె ఎగగట్టి, వానలో, అత్తయ్య పొలంలో గట్టు వెంట వరి కోస్తున్నాడు. పొట్ట మీదున్న పచ్చి వరి, ఇంకా కంకి కూడా బయటపడలేదు. కోసి, చేతులనిండా ఎత్తి, బురద మీద పరుస్తున్నాడు. పరిచిందాని మీద మళ్లీ పరుస్తున్నాడు. మా పాలేర్లిద్దరు కొడవళ్లు తెచ్చుకుని వెనకాల చేరారు. పొట్టమీదున్న వరిని కొయ్యడం మా వైపు ఎవరూ చూసుండరు. నా పక్కనున్న ముసలాయన "అయ్యో, అయ్యో" అని పైపంచె నోట్లో కుక్కుకున్నాడు. చావుకి కూడా అంత ఏడవలేదాయన.

పాడె లేచింది. అత్తయ్య ఒకప్పుడు నిలబడ్డ చోటే నేను నిలబడ్డాను. మోసేవాళ్లు పచ్చి వరి మీద అడుగులేసుకుంటూ వెళ్లారు. సగం దూరంలో దించారు. ఒరగలేదు. మా ఆయన వంగాడు, లేచాడు. మళ్లీ వంగాడు, లేచాడు. మూడోసారి వంగి ఎంతసేపటికీ లేవలేదు. అంత దూరానికి మాట వినపడలేదు. ఎవరో భుజాలు పట్టుకుని లేపారు. నాకు ఆయన మీద జాలేసింది. కోపం కూడా వచ్చింది, ఎందుకు దాచుకోవాలి? ఆయన కోసి పరిచిన బాట, పాడెకీ, దానికి అటూ ఇటూ మోసేవాళ్లకీ సరిపోయింది. ఆ ఇంజనీరు చేతులు చాపి చూపించింది అంతే.

ఆ ఏడు కోతలదాకా చేలో ఆ కోసిన చార నీళ్లు నిలిచి ఖాళీగా ఉంది. మా ఆయన అటు వెళ్లినప్పుడల్లా తల తిప్పుకునేవాడు. ఇంక రోడ్డుకి తనే ఇస్తాడని నేను నోరు మెదపకుండా ఎదురుచూశాను. మళ్లీ కాలవలు వదిలారు. దమ్ము చేశారు. నాట్ల రోజున అన్నం క్యారేజీ పట్టుకుని చేలోకి వెళితే, ఆడవాళ్లు గట్టు అంచుదాకా, ఆ చార మీద కూడా, నాట్లు వేస్తున్నారు.

ఆయన నా మొహం చూశాడు. "అమ్మ పొలం. బీడు పెడితే బాగుంటుందా?" అన్నాడు.

"బాగోదులెండి. నేను మాత్రం ఎండాకాలం చూసుకునే పోతాను, మీరేం బెంగ పెట్టుకోకండి" అన్నాను.

నాట్లేసే ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఆయన క్యారేజీ అందుకుని, మూత తియ్యకుండా, అలాగే గట్టు మీద కూర్చుండిపోయాడు.