తలకిందుల డ్రమ్ముల మీది గీతలు

మొన్న ఆదివారం నా మనవరాలు భోజనాల బల్ల మీద నా బీపీ మాత్రల డబ్బా, నూనె ప్యాకెట్టు, గోదాము నుంచి తెచ్చిన అట్టపెట్టె ఒకటి వరుసగా పెట్టుకుని, చేతిలోని యంత్రంతో ఒక్కొక్కదాని మీద ఎర్రటి వెలుగు వేసి చూస్తోంది. పాశమైలారంలోని ఒక మందుల గోదాముకు సాఫ్ట్‌వేర్ రాయడం దాని ఉద్యోగం. అడిగితే ఓపికగా చెప్పింది. నూనె ప్యాకెట్టు మీది గీతల్లో ఉండేవి అంకెలేనట, దుకాణంలో బిల్లు వేయడానికి అవి చాలు. అట్టపెట్టె మీది పొడుగు గీతల్లో అక్షరాలు కూడా పడతాయి కనుక ఏ సరుకు ఏ బ్యాచిదో గోదాములో వాటితో పట్టుకుంటారు. మాత్రల డబ్బా మీది చుక్కల చదరంలో గడువు తేదీ కూడా ఇముడుతుంది, కొంచెం చెరిగినా యంత్రం చదువుకుంటుంది. నేను నూనె ప్యాకెట్టును తలకిందులు చేసి ఇచ్చాను. యంత్రం ఎప్పటిలాగే కూసింది. ఎటు తిప్పినా తప్పు చదవకుండా గీతల్లోనే గుర్తులు పెడతారట. దానికి అది మామూలు మాట, నాకు మాత్రం ఒక పాత డ్రమ్ము కళ్ల ముందు కదిలింది.

అది 1977 మే నెల. మా అన్న డెబ్బై ఆరు అంటాడు గాని, ఎన్నికలైన మార్చికి రెండో నెల కనుక డెబ్బై ఏడే. పటాన్‌చెరు దగ్గర కొత్తగా లేచిన షెడ్లలో ఒక చిన్న రసాయనాల కంపెనీలో మా ఇంటివాళ్లం ముగ్గురం పనిచేసేవాళ్లం. నేను ప్యాకింగులో, అన్న తొట్ల దగ్గర, మా చిన్నాయన డ్రమ్ములకు రంగు వేసే పనిలో. జోగిపేట వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్లు కొందరు, ఒరిస్సా నుంచి వచ్చినవాళ్లు కొందరు, చదువు రానివాళ్లు చాలామంది ఉండటంతో రాతలు పనికిరావని, డ్రమ్ము నడుము చుట్టూ రెండేసి గీతలు గీయించేవారు. లావు గీత పైన, సన్న గీత కింద ఉంటే తేజాబ్, అంటే గంధకపు ఆమ్లం. సన్నది పైన, లావుది కింద ఉంటే కాస్టిక్ సోడా నీళ్లు. ఎవరైనా ఒక్క పూటలో నేర్చుకునేవారు. నేర్చుకోక తప్పదు కూడా, ఎందుకంటే కాస్టిక్ తొట్టిలో తేజాబ్ పడితే తొట్టి ఒక్కసారిగా పొంగి మనిషి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. ఆ యేడాదే పక్క షెడ్డులో ఒకాయనకు అలాగే రెండు కళ్లూ పోయాయి. అన్న పొద్దున్నే సైకిలెక్కుతుంటే, నెలలు నిండుతున్న మా వదిన కనుమరుగయ్యేదాకా గడపలో నిలబడేది.

ఖాళీ డ్రమ్ములను వాన నీళ్లు చేరకుండా బోర్లించి పెట్టడం అక్కడి పద్ధతి. తేజాబ్‌కు నీటి చుక్క కూడా తగలకూడదు కదా. గీతలు గీసేముందు చిన్నాయన వాటిని నిలబెట్టుకునేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం గిన్నె కడుక్కోవడానికి షెడ్డు వాకిలి దగ్గరి నల్లాకు వెళ్లాను. లోపల అన్న కాస్టిక్ తొట్టి గట్టు మీద పెట్టిన డ్రమ్ముకు పానా పెట్టి మూత తిప్పుతున్నాడు. సన్న గీత పైన, లావు గీత కింద, అంతా సరిగానే ఉంది. అయినా ఏదో బాగాలేదనిపించి మళ్లీ చూశాను. గీతల నుంచి కారిన రంగు చారలు, కిందికి కారవలసినవి, పైకి పాకి ఉన్నాయి. అరక్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక గిన్నె వదిలేసి లోపలికి ఉరికాను. అది బండ మీద పడిన చప్పుడుకు అన్న తలెత్తాడు.

"అన్నా, ఆగు! మూత ముట్టకు!"

"ఏందే చెల్లె, బువ్వ తిన్నంక నిద్రొచ్చిందా? కాస్టికే గిది. గీతలు కనవడ్తలేవా?"

"రంగు మీదికి కారుతదానె? జెర సూడు!"

అన్న నవ్వు ఆగిపోయింది. చేయి మాత్రం పానా మీదే ఉంది, తీయడానికి కూడా భయపడ్డాడు. నా అరుపు విని తింటున్న అన్నం వదిలేసి ఎంగిలి చేత్తో పరుగెత్తుకొచ్చిన చిన్నాయన ఆ చారలు చూసి అక్కడే కూలబడ్డాడు. "మబ్బు వట్టిందని బోర్లేసే గీసినరా... నిలవెడితే నీళ్లు వోతయని, బోర్లేసే గీసిన..." అంటూ అదే మాట అంటున్నాడు. తేజాబ్ కోసం ఎప్పటిలాగే లావుది పైన గీశాడు. డ్రమ్ము నిలబెట్టేసరికి అది కిందికి పోయింది. ట్యాంకరువాడు తొందరపెడితే నింపినవాళ్లు గీతలు చూడనేలేదు.

సూపర్‌వైజరు అందరినీ దూరం పంపి, మూత తనే మెల్లగా విప్పి, కట్టెపుల్ల ఒకటి ముంచి తీశాడు. మా కళ్ల ముందే పుల్ల నల్లబడింది. తేజాబే. తరువాత ఎవరో "ఇంకెన్ని గిట్ల గీసినవ్, కాకా?" అని అడిగారు. చిన్నాయనకు గుర్తు రాలేదు. ఇక ఆ సాయంత్రమంతా ప్రతి డ్రమ్ము దగ్గరా వంగి, రంగు ఎటు కారిందో వేళ్లతో తడుముతూ తిరిగాం. పైకి కారిన చార తగిలిన డ్రమ్మునల్లా పక్కకు తీయించాం. ఇంటికి వెళ్లాక వదినకు ముగ్గురిలో ఎవరమూ ఏమీ చెప్పలేదు.

మరునాటి నుంచి డ్రమ్ము పై అంచున తెల్ల చుక్క పెట్టాలన్నారు. చిన్నాయన పెట్టాడు. అయినా తన చుక్క మీద తనకే నమ్మకం కుదరలేదు. అన్న మూత విప్పే ప్రతిసారీ రంగు చేతులతోనే వచ్చి తొట్టి పక్కన నిలబడేవాడు. "నువ్వెందుకె చిన్నాయనా, పో" అని అన్న కసిరినా కదిలేవాడు కాదు. ఆ పనిలో ఉన్నన్నాళ్లూ అంతే.

ఇప్పుడు గీతలు అచ్చు వేసేవాడు ఒక ఊళ్లో ఉంటాడు, పెట్టె విప్పేవాడు ఇంకో ఊళ్లో ఉంటాడు. ఒకరి పేరు ఒకరికి తెలియదు, తెలియకపోయినా ప్రాణాలకు ఢోకా లేదు. అది మంచి మార్పే, కాదనను, మా అన్నలాంటివాళ్లు ఎందరో క్షేమంగా ఇల్లు చేరుతున్నారు. అయినా తన చేత్తో గీసిన గీత పక్కన, డ్రమ్ము ఖాళీ అయ్యేదాకా, ఎదుటివాడి కోసం భయపడుతూ నిలబడే మనిషి చిన్నాయన తరువాత నాకు మళ్లీ కనబడలేదు.